చివరి మడి రైతూ, యాభై ఒకటో అధికరణమూ

కిందటి నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి మా విద్యార్థి సంఘం వక్తృత్వపు పోటీ పెట్టింది. చీటీ తీస్తే నాకు వచ్చిన విషయం "భారత రాజ్యాంగము – ప్రపంచ శాంతి". నేను రాజనీతిశాస్త్రం చదివేవాణ్ణి కాను, బి.ఎస్సీ. వాణ్ణి. ఏం చెయ్యను? అశోకుడితో మొదలుపెట్టి, గాంధీజీ మీదుగా పంచశీలకు వచ్చి, బాండుంగులో కాసేపు ఆగి, అలీన విధానం దగ్గర దిగిపోయాను. చప్పట్లు కొట్టారు. అయిదు నిమిషాల ప్రసంగాన్ని నాలుగు నిమిషాల్లో ముగించినందుకని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి హాస్టల్లో నా గది మిత్రుడు ఒక మాట అన్నాడు. "నువ్వు చెప్పిన 51వ అధికరణం గోడకి తగిలించుకునే కేలండరు బొమ్మరా. చూట్టానికి బాగుంటుంది. ఏ కోర్టూ దాన్ని అమలు చెయ్యమని చెప్పలేదు. పక్కదేశం వాడు తుపాకీ పట్టుకొస్తే ఈ అధికరణం చదివి వినిపిస్తావా?" నా దగ్గర జవాబు లేదు. అంతకంటే బాధపెట్టిన సంగతి ఏమిటంటే, ఆ అధికరణాన్ని ఒక్కసారైనా చదవకుండానే నేను దాన్ని గురించి సభలో మాట్లాడి వచ్చాను. మర్నాడు గ్రంథాలయంలో కూర్చుని చదివాను. ఈ వ్యాసం నా మిత్రుడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు. సావనీరు సంపాదకులు దయతలచి చోటిచ్చారు కనుక మీరు కూడా వినక తప్పదు.

అధికరణం చాలా చిన్నది. నాలుగే ముక్కలు. అంతర్జాతీయ శాంతిభద్రతలను పెంపొందించడానికి, దేశాల మధ్య న్యాయమైన, గౌరవప్రదమైన సంబంధాలు నిలపడానికి, అంతర్జాతీయ న్యాయంపట్లా ఒడంబడికల బాధ్యతలపట్లా గౌరవం పెంచడానికి, దేశాల తగాదాలు మధ్యవర్తి తీర్పు ద్వారా పరిష్కారమయ్యేలా ప్రోత్సహించడానికి రాజ్యం పాటుపడాలి. మొదటి రెండూ ఎవరైనా ఒప్పుకునేవే. యుద్ధానికి బయల్దేరేవాడు కూడా శాంతికోసమే పోతున్నానంటాడు. పస అంతా మూడో ముక్కలోనూ నాలుగో ముక్కలోనూ ఉంది. సంతకం పెట్టిన మాట మీద నిలబడమంటుంది ఒకటి. నీ తగాదాకు నువ్వే తీర్పరివి కావద్దంటుంది రెండోది. ఈ రెండూ మన చేతులు కట్టేసే మాటలు. కట్టించుకోవడానికి మనంతట మనమే చేతులు చాపాం.

ఈ నాలుగో ముక్క మొదటి ముసాయిదాలో లేదు. అప్పుడిది 40వ అధికరణం. 1948 నవంబరు 25న రాజ్యాంగసభలో చర్చకు వచ్చింది, ఆ తరువాతే మధ్యవర్తి తీర్పు మాట అందులో కనిపిస్తుంది. ఆ తేదీని కాస్త గమనించండి. కాశ్మీరులో ఇంకా తుపాకులు పేలుతూనే ఉన్నాయి. కాల్పుల విరమణ 1949 జనవరి 1న గాని రాలేదు. హైదరాబాదులో పోలీసు చర్య ముగిసి రెండు నెలలే అయింది. గాంధీజీ హత్య జరిగి ఏడాది తిరగలేదు. విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న కాందిశీకులు శిబిరాల్లో ఉన్నారు. అలాంటి రోజుల్లో కూర్చుని ఈ మాటలు రాసిన పెద్దలకు, నా మిత్రుడు అడిగిన తుపాకీ ప్రశ్న తెలియదనుకోవడం మన తెలివితక్కువతనం.

కోర్టు సంగతి చూద్దాం. 51వ అధికరణం ఆదేశిక సూత్రాల్లో ఒకటి. వాటిని కోర్టు ద్వారా అమలు చేయించలేమని 37వ అధికరణం చెబుతుంది, నిజమే. కాని అదే వాక్యంలో, అవి దేశ పరిపాలనకు మూలాధారాలని, చట్టాలు చేసేటప్పుడు వాటిని పాటించడం రాజ్యం విధి అని కూడా ఉంది. మనవాళ్లు సగం చదివి పుస్తకం మూసేస్తారు. (పరీక్షలకు నేను చదివేదీ అలాగే.) పైగా కోర్టు తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ కేసులో తీర్పు చెప్పింది. ఇది మన విశాఖపట్నం అనుకుని నేను మొదట పొరబడ్డాను. రాజస్థాన్ ప్రభుత్వం మీద కేసు వేసిన ఒక సంస్థ పేరది. పనిచేసే చోట ఆడవాళ్లమీద జరిగే లైంగిక వేధింపులను అరికట్టడానికి అప్పటికి ప్రత్యేక చట్టమంటూ లేదు. మహిళలపట్ల వివక్షను తొలగించే అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం 1993లో ఆమోదించింది. చట్టం లేనిచోట ఆ ఒడంబడికను దారిగా తీసుకోవచ్చని చెప్పడానికి కోర్టు చూపించిన ఆధారాల్లో 51వ అధికరణం ఒకటి. ఆ నియమాలే 2013లో చట్టమయ్యాయి. ఈనాడు ప్రతి కళాశాలలోనూ ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఆ దారినే వచ్చింది. కేలండరు బొమ్మ గోడ దిగి నోటీసు బోర్డు దాకా వచ్చిందన్నమాట.

ఇక మధ్యవర్తి తీర్పు. దీనికి కచ్ రణ్ కథ చెప్పాలి. మన పాఠ్యపుస్తకాల్లో ఇది ఎందుకు లేదో నాకు తెలియదు.

గుజరాతుకూ పాకిస్తాన్‌లోని సింధుకూ మధ్యనున్న ఉప్పు బీడే రణ్. వానాకాలంలో నీళ్లు, ఎండాకాలంలో ఉప్పు. గింజ పండని ఆ నేలకోసం 1965 ఏప్రిల్‌లో రెండు సైన్యాలూ తలపడ్డాయి. బ్రిటిషు ప్రధాని విల్సన్ పూనుకోగా జూన్ 30న ఒక ఒప్పందం కుదిరింది. మాటలతో తేలకపోతే ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్ హద్దు తేల్చాలి. ఆ తీర్పును ఇద్దరూ ఔదలదాల్చాలి, ఏ కారణం చేతనూ ప్రశ్నించకూడదు. సంతకాల తడి ఆరిందో లేదో, ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్ద యుద్ధమే వచ్చిపడింది. ఆశ్చర్యమేమిటంటే, ఇంత జరిగినా ట్రిబ్యునల్ మాత్రం ఆగలేదు. మన తరఫున యుగోస్లావియాకు చెందిన అలెష్ బెబ్లర్, పాకిస్తాన్ తరఫున ఇరాన్‌కు చెందిన నస్రుల్లా ఎంతెజామ్, అధ్యక్షుడుగా స్వీడన్ న్యాయమూర్తి గునార్ లాగర్‌గ్రెన్ జెనీవాలో కూర్చున్నారు. పాత పటాలు, కచ్ రావుగారి కాలంనాటి కాగితాలు అన్నీ చూశారు. 1968 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. పాకిస్తాన్ అడిగిన సుమారు 3,500 చదరపు మైళ్లలో దానికి దక్కింది సుమారు 350. మిగతా తొమ్మిది వంతులు మనవి.

మనం గెలిచామనుకోవాలి కదా? దేశంలో గగ్గోలు పుట్టింది. కచ్‌లో సత్యాగ్రహం జరిగింది. పదో వంతు ఎందుకిస్తారని అడిగారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. మన తరఫు సభ్యుడు బెబ్లర్ కూడా ఆ తీర్పుతో విభేదించాడు. నగర్‌పార్కర్ దగ్గర పాకిస్తాన్ భూమిలోకి చొచ్చుకుపోయిన రణ్ పాయలు మన చేతిలో ఉంటే ఎప్పుడూ రాపిడే అని, శాంతి కోసం వాటిని అటు కలపడం మంచిదని మిగిలిన ఇద్దరూ భావించారు. నాకు ఈ ముక్క నచ్చలేదు. హద్దు ఎక్కడుందో చెప్పమని కూర్చోబెడితే, హద్దు ఎక్కడుంటే మంచిదో చెప్పారు. అయినా ఇందిరాగాంధీ ప్రభుత్వం మాట తప్పలేదు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇది భూమిని ధారపొయ్యడం కాదు, తేలని హద్దును తేల్చుకోవడం, కనుక రాజ్యాంగ సవరణ అక్కర్లేదని 1969 జనవరిలో కోర్టు చెప్పింది. తీర్పు ప్రకారం హద్దు స్తంభాలు పాతారు. 1971 యుద్ధంలో మన సైన్యం ఆ వైపు నగర్‌పార్కర్ దాకా వెళ్లింది. సిమ్లా ఒప్పందం తరవాత మళ్లీ ఆ గీత దగ్గరికే తిరిగొచ్చింది.

ఆ పక్కనే సర్ క్రీక్ అని ఒక ఉప్పుటేరు ఉంది. దాన్ని అప్పుడు ట్రిబ్యునల్ ముందు పెట్టలేదు. అదొక్కటే ఈ రోజుకీ తేలలేదు. అది తేలక సముద్రంలో గీతా తేలలేదు. ఇదెక్కడో గుజరాతు సంగతని కొట్టిపారెయ్యకండి. పొట్టచేతబట్టుకుని వెరావల్ వెళ్లి పడవలెక్కిన మన ఉత్తరాంధ్ర జాలర్లు ఇరవైమంది పైగా 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, జైల్లో మగ్గి, 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇల్లు చేరలేదు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమా కథకు మూలం ఇదే. హాల్లో ఈలలు వేశాం గాని, నీళ్లమీద గీత ఎవరు గియ్యాలి అని మనలో ఎవరమైనా అడిగామా?

తూర్పున మనం ఇంకా బాగా నడుచుకున్నాం. బంగాళాఖాతంలో సముద్రపు హద్దు గురించి 2014 జులైలో అంతర్జాతీయ ట్రిబ్యునల్ 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇస్తే గౌరవంగా ఒప్పుకున్నాం. మరుసటి ఏడు రెండు దేశాలూ ఒకరి భూమిలో చిక్కుకున్న మరొకరి ఖండాలను మార్చుకున్నాయి. మనవి 111, వాళ్లవి 51. పార్లమెంటులో ఒక్క ఓటూ వ్యతిరేకంగా పడలేదు. ఏ దేశానికీ చెందకుండా బతికిన సుమారు 51 వేలమందికి 2015 జులై 31 అర్ధరాత్రి ఒక దేశం వచ్చింది.

అయితే అన్నిచోట్లా మనం ఇంత నిక్కచ్చిగా ఉన్నామా అంటే లేదు. అంతర్జాతీయ న్యాయస్థానం అధికారాన్ని ఒప్పుకుంటూ 1974లో మనం ఇచ్చిన ప్రకటనలో ఒక మినహాయింపు ఉంది. కామన్వెల్తులో ఉన్న దేశంతో గాని, ఒకప్పుడు ఉన్న దేశంతో గాని వచ్చే తగాదాలకు ఆ ఒప్పుకోలు వర్తించదు. 2019లో ప్రకటనను తిరగరాసినప్పుడూ దాన్ని ఉంచుకున్నాం. చుట్టుపక్కల ఎవరెవరితో మనకు తగాదాలు వస్తాయో లెక్కవేస్తే ఈ మినహాయింపు ఎందుకో అర్థమవుతుంది. 1999లో కచ్ దగ్గర మనం కూల్చిన పాకిస్తాన్ నౌకాదళ విమానం కేసును ఆ న్యాయస్థానం 2000 జూన్‌లో తన పరిధిలోకి రాదని పక్కన పెట్టడానికి కారణం ఇదే. పోనీ మనం ఆ గుమ్మం ఎక్కమా అంటే, కులభూషణ్ జాదవ్‌కు పాకిస్తాన్ ఉరిశిక్ష వేస్తే 2017లో వేరే ఒడంబడిక పట్టుకుని అక్కడికే వెళ్లాం. వెళ్లడం సబబే. 2019లో మనవైపే తీర్పూ వచ్చింది. మనకి అక్కరొస్తే న్యాయస్థానం, ఎదుటివాడు పిలిస్తే మినహాయింపు! దీన్ని మా ఊళ్లో ఏమంటారో ఇక్కడ రాయలేను.

ఊరి మాట వచ్చింది కనుక, నా మిత్రుడికి అసలు జవాబు నాకు మా కాలువ గట్టునే దొరికిందని చెప్పాలి. మాది నాగార్జునసాగర్ కుడికాలువ ఆయకట్టు. అందులోనూ మైనరు కొసన, చివరి మడి. పైన వదిలితేనే మాకు నీళ్లు. పైవాళ్లు ఆరుతడి పెట్టాల్సిన చోట వరి పెట్టి, రాత్రిళ్లు ఇంజన్లు వేసి తోడుకుంటే, తెల్లారేసరికి మా తూము దగ్గర బురద మిగిలేది. తన్నులాటలయ్యాయి. చివరకు నేను ఎనిమిదో తరగతిలో ఉండగా రెండూళ్ల పెద్దలూ, కాలువ ఇంజనీరూ రామాలయంలో కూర్చుని వంతులు రాసుకున్నారు. వారంలో నాలుగు రోజులు వాళ్లకి, మూడు రోజులు మాకు. కాగితం మీద అందరూ సంతకాలు చేశారు. ఒక ప్రతి మా నాన్న దగ్గర ఇనప్పెట్టెలో ఉంది, భూమి పాసుపుస్తకం పక్కనే.

ఆ మరుసటి సంవత్సరం తిరునాళ్లలో మా ఊరి కుర్రాళ్లు తాగి పై ఊరి పిల్లవాడొకణ్ణి కొట్టారు. చెయ్యి విరిగింది. తప్పు నూటికి నూరుపాళ్లు మావాళ్లదే. మర్నాడు మా వంతు. తూము తలుపు దించేసి తాళం వేశారు. మిరప పూత మీద ఉంది. మా ఊళ్లో కర్రలు తీశారు. నాన్న ఆ కాగితం తీసుకుని ఒక్కడే పైఊరు వెళ్లాడు. "కొట్టినోళ్లని నేనే స్టేషన్‌కి తీసుకొస్తా. ఆస్పత్రి ఖర్చు మేం పెట్టుకుంటాం. నీళ్లు మాత్రం కాగితం ప్రకారం వదలండి బాబాయ్" అని వాళ్ల పెద్దమనిషిని అడిగాడు. ఆయన రెండు రోజులు ఆలోచించాడట. మూడోరోజు తాళం తీయించాడు. ఎందుకు తీయించాడో తరవాత నాన్నకు ఆయనే చెప్పాడు. వాళ్ల పొలాల్లో కొన్ని ఇంకో మైనరు కింద ఉన్నాయి. అక్కడ వాళ్లది చివరి మడి.

2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మర్నాడు మన ప్రభుత్వం సింధు జలాల ఒడంబడికను నిలిపి ఉంచుతున్నట్టు ప్రకటించింది. హాస్టల్ టీవీ ముందు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. దాచుకోను. చచ్చిపోయినవాళ్లకి, తిరునాళ్ల కొట్లాటలో విరిగిన చేతికి పోలిక తేవడం లేదు. చంపినవాణ్ణి, చంపించినవాణ్ణి వెతికి శిక్షించడానికి 51వ అధికరణం అడ్డం రాదు, రాకూడదు కూడా. కాని సెలవులకు ఇంటికెళ్లి తూము దగ్గర నిలబడినప్పుడు నాకు మరో సంగతి తోచింది. అటు చివర కూడా ఒక చివరి మడి ఉంటుంది. వాడికీ తుపాకీకీ సంబంధం లేదు.

ఆ ఒడంబడిక పుట్టుక కూడా ఇలాంటిదే. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబు కాలువ నీళ్లు ఆపింది. ఆ తరవాత ప్రపంచబ్యాంకు మధ్యనుండి నడిపితే, 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్‌ఖాన్ సంతకాలు పెట్టారు. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా వాళ్లకు. 1965, 1971, 1999 యుద్ధాల్లో కూడా అది చెక్కుచెదరలేదు. మన కిషన్‌గంగ ప్రాజెక్టు మీద వాళ్లు వేసిన కేసులో 2013లో మధ్యవర్తి న్యాయస్థానం, నీళ్లు మళ్లించే హక్కు మనకుందని, దిగువకు సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్లు మాత్రం వదలాలని చెప్పింది. రెండు దేశాలు కలిసి మరో ఒడంబడిక చేసుకునేదాకా ఇదే నడుస్తుందని దాంట్లోనే రాసి ఉంది. అరవై ఏళ్లలో జనాభా మారింది, వాతావరణం మారింది, మళ్లీ మాట్లాడుకుందామని మన ప్రభుత్వం అడగడంలో బలముంది. అడగడం వేరు, తాళం వెయ్యడం వేరు.

ఇప్పుడు పటాన్ని ఈశాన్యానికి జరపండి. బ్రహ్మపుత్ర టిబెట్టులో యార్లుంగ్ త్సాంగ్‌పో పేరుతో పుట్టి మనకు వస్తుంది. అక్కడ పైమడి చైనాది. 2017లో డోక్లాం దగ్గర సైన్యాలు ఎదురెదురుగా నిలబడిన వానాకాలంలో, ఆ నది వరద సమాచారం చైనానుంచి మనకు అందలేదు. 2025 జులైలో ఆ నది మీద మన సరిహద్దుకు దగ్గర్లో బ్రహ్మాండమైన జలవిద్యుత్ ప్రాజెక్టు పని మొదలుపెట్టారు. చైనాతో మనకు నీటి పంపకం ఒడంబడిక ఏదీ లేదు. రేపు అస్సాం రైతు తరఫున మనం ఏం పట్టుకుని మాట్లాడతాం? "పైనున్నవాడు సంతకాన్ని, న్యాయాన్ని గౌరవించాలి" అనే కదా? ఆ మాట అనడానికి మన నోరు ఖాళీగా ఉండాలి. సింధు దగ్గర మనం పైమడి, బ్రహ్మపుత్ర దగ్గర చివరి మడి. 51వ అధికరణంలోని మూడో ముక్క అస్సాం రైతు ఇనప్పెట్టెలో ఉండవలసిన కాగితం.

ఇదంతా చదివి వినిపిస్తే నా మిత్రుడు పూర్తిగా ఒప్పుకోలేదు. "మీ నాన్నకి అవతల ఒక పెద్దమనిషి దొరికాడు. దొరక్కపోతే?" అన్నాడు. మంచి ప్రశ్నే. దొరక్కపోతే నాన్న కాలువ ఇంజనీరు దగ్గరికి వెళ్లేవాడు, ఆయన దగ్గరా ఒక ప్రతి ఉంది. దేశాలకి అలాంటి ఇంజనీరు గట్టిగా లేడన్నది వాడి వాదన. ఉన్న కాస్త న్యాయస్థానాన్ని మినహాయింపులతో మనమే గుమ్మం బయట నిలబెట్టామన్నది నా వాదన. రాత్రి రెండింటిదాకా తేలలేదు.

అందుకని విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. వచ్చే నవంబరు 26కి "ప్రపంచ శాంతి" అని చీటీ రాయకండి. 1974లో పెట్టుకుని 2019లో అట్టేపెట్టుకున్న ఆ కామన్వెల్తు మినహాయింపును తీసెయ్యాలా, వద్దా అని చర్చ పెట్టండి. తీసెయ్యాలని నేను మాట్లాడతాను. వద్దని మాట్లాడ్డానికి నా గది మిత్రుడు ఒప్పుకున్నాడు. ఈసారి నాకు పూర్తిగా అయిదు నిమిషాలు కావాలి.